బిజిలీ కూర్చుంది

నర్సీపట్నం,
11 జూన్ 2025.

తమ్ముడు గోవింద్‌కి,

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోన్లో నేను గొంతు పెంచగానే "సిగ్నల్ లేదప్పా" అని పెట్టేస్తావు. ఆ అడవి క్యాంపులో నిజంగానే సిగ్నల్ ఉండదో, నా గొంతు వింటే పోతుందో నాకు తెలీదు. కాగితాన్నైతే మధ్యలో పెట్టెయ్యలేవు. మొత్తం చదువు.

నీ బిజిలీ మా పరువు తీసింది. ఆదివారం పొద్దున్న మా హోటల్ ముందు గదిలో జనం టిఫిన్లు తింటున్నారు. నేను పెనం దగ్గర ఉన్నాను. నీ కుక్క వచ్చి బియ్యం డ్రమ్ము ముందు కూర్చుంది. లేవదు, మొరగదు, తల తిప్పదు. నోరు తెరిచి నాలిక వేలాడేసి అలాగే చూస్తోంది. పోయినేడు దానికి రిటైర్మెంటు ఇచ్చాక నువ్వు తెచ్చి మా గుమ్మంలో దింపిన రోజున ఏం చెప్పావు? "మందుగుండు వాసన తగిలితే ఇది గోల చెయ్యదు బావా, దాని ముందు కూర్చుంటుంది. అది కూర్చుందంటే మీరు పరుగే" అన్నావు కదా. మీ బావకి ఆ మాట గుర్తొచ్చింది. అంతే.

"లెగండి, లెగండి బేగి, బాంబుంది!" అని అరిచాడు. ఇడ్లీ నోట్లో ఉన్నవాడు నోట్లోనే, చేతిలో ఉన్నవాడు చేతిలోనే పట్టుకుని రోడ్డు మీద పడ్డారు. డ్రమ్ము బోర్లించి బియ్యమంతా వీధిలో పోశాం. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి కర్రతో బియ్యం కెలికి, పురుగులు తప్ప ఏమీ లేవన్నాడు. జనం నవ్వారు. నవ్విన తర్వాత నీ కుక్క లేచి గ్యాస్ బండ ముందు కూర్చుంది. మళ్ళీ పరుగు. అక్కడి నుంచి లేచి పెరట్లో బట్టలుతికే రాయి ముందు కూర్చుంది. ఆ రాయిని కూడా పెకలించాడు మీ బావ.

ఎనిమిదేళ్ళు సర్కారు తిండి తిన్న కుక్కకి రాయికీ బాంబుకీ తేడా తెలీదా? దానికి మతి పోయిందా? నీ సమాధానం వచ్చేదాకా దాని మొహం చూడను.

కోపంగా,
అప్ప నూకరత్నం.

రాయడం మరిచాను. బిజిలీ కొన్నాళ్ళుగా దగ్గుతోంది. చేపముల్లు దిగి ఉంటుందని మీ బావ అరటిపండు పిసికి గిన్నెలో పెట్టాడు. తిన్నది గానీ దగ్గు తగ్గలేదు.


క్యాంపు,
21 జూన్ 2025.

అప్పకి నమస్కారం,

నువ్వు ఎవరిని పట్టుకుని మతి పోయిందంటున్నావో తెలిసే రాశావా? బిజిలీ తప్పు చెయ్యదు. నువ్వు తప్పు చేస్తావు, బావ తప్పు చేస్తాడు, నేను చేస్తాను. అది చెయ్యదు.

నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఒక పొద్దున్న కాలిబాట మీద అది ఇలాగే కూర్చుంది. వెనక మావాళ్ళంతా తొందరపెడుతున్నారు. నాకు విసుగొచ్చి తాడు లాగాను. లేవలేదు. తిట్టాను. లేవలేదు. దాని ముందు మట్టి కింద టిఫిన్ బాక్సులో పెట్టిన మందుపాతర ఉంది. ఆ రోజు అది నా మాట విని లేచి ఉంటే నీకు ఉత్తరాలు రాసే తమ్ముడు ఉండేవాడు కాదు. అలాంటిదాన్ని పట్టుకుని మీ ఊళ్ళో ఇడ్లీలు తినేవాళ్ళు నవ్వారా? నువ్వు వాళ్ళతో కలిసి నవ్వావా?

వెతికినచోటే మళ్ళీ వెతకడం కాదు. మీ గోడవతల చిట్టిరాజు ఎరువుల బస్తాలు దించుతాడు కదా. కొన్ని ఎరువుల వాసన కూడా ఈ కుక్కలకి మందుగుండు వాసనే. వాడు గోడవతల ఏం దాస్తున్నాడో బావని వెళ్ళి చూడమను. అది కూర్చుందంటే అక్కడ ఏదో ఉంది. ఉండి తీరుతుంది.

దగ్గు సంగతి ఏముంది, నువ్వు పెట్టే చట్నీలకి దగ్గక ఏం చేస్తుంది? నేను ఇచ్చినప్పుడు పులిలా ఉండేది. అడ్డమైనవీ పెట్టి దాన్ని సోఫాలా చేశావు.

నీ తమ్ముడు,
గోవింద్.


నర్సీపట్నం,
2 జూలై 2025.

గోవిందూ,

నీ ఉత్తరం పట్టుకుని మీ బావ చిట్టిరాజు ఇంటి మీదికి వెళ్ళాడు. "మా బామ్మర్ది మిలట్రీలో ఉన్నాడు, ఆడు రాసినాడు, నీ గొడౌన్ తియ్యి" అన్నాడు. చిట్టిరాజు తీశాడు. యూరియా, వేపపిండి. "ఇన్నాళ్ళ కలిసి బతికినోళ్ళం, నన్ను ఉగ్రవాదిని సేసినావేటి?" అని అతను ఏడ్చాడు. ఇప్పుడు మా ఇంటి వైపు చూడడం లేదు. ఆ గొడవ నీ ఖాతాలో రాసుకో.

ఇక అసలు సంగతి. నీ ముందుమాటలూ గొప్పలూ అన్నీ పక్కన పెట్టి విను.

ఆ మర్నాడు బిజిలీ నిలబడింది నిలబడినట్టే పక్కకి పడిపోయింది. ఇక్కడి పశువుల డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, విశాఖపట్నం తీసుకెళ్ళి ఫొటో తీయించమన్నాడు. వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ, పాతికేళ్ళుంటాయేమో. ఆ ఫొటో వెలుతురుకి పెట్టి చూపించింది. గుండె ఉండాల్సినదానికంటే బాగా పెద్దదైపోయింది. పెద్దదైతే బలం అనుకున్నాను నేను. కాదట. సాగిపోయి, రక్తం తోసే శక్తి లేక, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. హార్ట్ ఫెయిల్యూర్ అంది.

"మరి అది ఎక్కడపడితే అక్కడ కూర్చుంటాదేటమ్మా? మేం బాంబనుకున్నాం" అని అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. "పడుకుంటే గాలి అందదండీ. అందుకే కూర్చుని ఊపిరి తీసుకుంటోంది" అంది.

ఊపిరి కోసం కూర్చుందిరా అది. మేం బియ్యం కెలికాం. రాళ్ళు పెకలించాం. నువ్వు అక్కడి నుంచి చిట్టిరాజుని పట్టుకోమన్నావు. ఇంతమందిలో ఒక్కరం కూడా దాని మొహం కేసి చూడలేదు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. నెమ్మదిగా మాట్లాడినందుకు ఆ డాక్టరమ్మ మీద వచ్చింది. మంచి మనిషి పాపం, మొహం మీదే తలుపేసి వచ్చాను.

నయం కాదంది. మందులు వాడితే కొన్నాళ్ళు, బాగా వాడితే ఏడాది దాకా ఉండొచ్చంది. నీరు తీసే బిళ్ళ, గుండెకి బలమిచ్చే బిళ్ళ, పూటపూటా వెయ్యాలి. ఉప్పు తగలకూడదు. పరుగు కూడదు. ఇన్ని చెప్పింది, మింగించడం ఎలాగో చెప్పలేదు. గిన్నెలో అన్నం మధ్యలో పెడితే అన్నం తిని బిళ్ళని కడిగినట్టు వదిలేస్తోంది. మట్టి కింద బాంబుని పట్టిన ముక్కుకి అన్నంలో బిళ్ళ ఒక లెక్కా? చేత్తో పెడితే పళ్ళు బిగిస్తుంది. పరాయి చేతిలో తిండి తీసుకోకూడదని నువ్వే నేర్పావట కదా. ఏడాదై నా ఇంట్లో ఉంది, ఇంకా నా చెయ్యి పరాయిదే.

నిన్న ఒకడు దోసె తింటూ "కుక్కకి కూడా గుండె స్కానింగేటి, నూకరత్నం గారూ?" అని నవ్వాడు. ప్లేటు లాగేశాను. ఇక మా హోటల్‌కి రాడు, రాకపోతే పోయాడు.

నువ్వు రా. నీ చేత్తో పెట్టు. నాకు ఇంకేమీ తెలీదు.

నూకరత్నం.


క్యాంపు,
9 జూలై 2025.

అప్పా,

ఆ డాక్టరు పొరపాటు పడి ఉంటుంది. రిటైర్మెంటు అప్పుడు మా డాక్టరు పరీక్ష చేసి అంతా బాగుందని సంతకం పెట్టాడు. ఇంకొకరికి చూపించు.

నిజమే అయితే చెప్పింది చెప్పినట్టు చెయ్యి. గిన్నెలో కాదు, దవడ పక్క నుంచి వేలు పెట్టి నాలిక వెనక బిళ్ళ వేసి గొంతు నిమరాలి. నేను వందసార్లు చేశాను. భయపడకు, కరవదు. నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఉప్పు చేపలేవీ ఇంట్లోకే రానివ్వకు. నీకు అవి లేకపోతే ముద్ద దిగదని తెలుసు, ఈసారికి దిగించుకో.

లీవు లేదు. అడిగాను. "మనిషా?" అన్నాడు మా ఆఫీసరు. కుక్క అన్నాను. ఆయన ఫైలు కేసి చూసుకున్నాడు.

బాగా బాధపడుతుంటే డాక్టరుని ఇంజెక్షన్ అడుగు. మా దగ్గర అలాగే చేస్తాం.

గోవింద్.


నర్సీపట్నం,
18 జూలై 2025.

గోవింద్ గారికి,

గారు అనే రాస్తున్నాను. బిజిలీ ప్రాణం తియ్యమని రెండు వాక్యాల్లో రాసిన పెద్దమనిషిని తమ్ముడూ అని పిలవడానికి నోరు రావడం లేదు. మీ దగ్గర అలాగే చేస్తారా? చెయ్యండి. మా దగ్గర చెయ్యం.

నీకేం, కొత్త కుక్క వచ్చింది. నీ స్టేటస్‌లో ఫొటో చూశాను. గోధుమరంగుది, చెవులు నిక్కపొడుచుకుని, నీ మోకాలికి ఆనుకుని కూర్చుంది. నువ్వు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నావు. ఇక్కడ ఇది ప్రతి పూటా ఎవరి బండి ఆగినా తలెత్తుతోంది. నీ ఫొటో దానికి చూపించాలనుకున్నాను. కుక్కలకి ఫొటోలు తెలీవు కాబట్టి బతికిపోయావు.

మొన్న దాదాపు పోయింది. నీరు తీసే బిళ్ళ కాస్త కడుపులోకి వెళ్ళినప్పటి నుంచీ ఒకటే దాహం, ఒకటే ఉచ్చ. ఇల్లంతా తడి. మీ బావకి ఒక ఆలోచన వచ్చింది. "ఒంట్లో నీరెక్కిందని కదా రోగం, మల్లీ నీల్లెందుకు?" అని నేను సంతకి వెళ్ళొచ్చేసరికి నీళ్ళ గిన్నె అటక మీద పెట్టేశాడు. ఎండలో ఒళ్ళు వాడిపోయి, చిగుళ్ళు తెల్లబడి పడి ఉంది. ఇక్కడి డాక్టరు వచ్చి సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించి, మీ బావని అందరి ముందూ తిట్టాడు. నీళ్ళు ఎప్పుడూ ముందు ఉండాలట. మీ బావ అన్నం తినలేదు. నేను తినమనలేదు.

ఇంజెక్షన్ మాట ఇంకోసారి రాస్తే ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

నూకరత్నం.


క్యాంపు,
20 జూలై 2025.

అప్పా,

నీ నుంచి ఏ కబురూ లేదు. కోపంగా ఉన్నావో, బిజిలీకి ఏమైనా అయిందో తెలీడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

ఒక పని చేశాను. కుక్క అంటే లీవు ఇవ్వరని, "మా అప్పకి హార్ట్ ఫెయిల్యూర్, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, చూసుకునేవాళ్ళు లేరు" అని రాసిచ్చాను. ఈసారి ఆయన తలెత్తాడు, జాలిపడ్డాడు కూడా. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని ఇస్తానన్నాడు. ఫోన్ వస్తే నువ్వు మాట్లాడకు. మంచం మీద ఉన్నావని బావతో చెప్పించు. నీకు అబద్ధం ఆడడం ఇష్టం ఉండదు, ఈ ఒక్కసారికి పడుకో.

దానికి చెప్పు, వస్తున్నానని.

గోవింద్.


నర్సీపట్నం,
30 జూలై 2025.

ఒరే తెలివైనవాడా,

మీ ఆఫీసరు ఫోన్ ముందు వచ్చింది. నీ ఉత్తరం తర్వాత వచ్చింది. ఎలా జరిగిందో చెబుతాను, తీరిగ్గా చదువుకో.

ఎవరో హిందీలో మొదలుపెట్టి, మన భాష వచ్చిన ఇంకొకాయన చేతికి ఫోన్ ఇచ్చాడట. "నాగేంద్ర గారేనా? మీ ఆవిడ గుండె ఎలా ఉందండీ?" అని అడిగాడట. మీ బావ ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి. నవ్వాడు. "దాని గుండెకేటండి బాబూ, గుండ్రాయి నాగున్నాది. ఇప్పుడే గారెలేస్తంది, ఇనండి" అని ఫోన్ నా వైపు పెట్టాడు. సరిగ్గా అప్పుడే నేను గ్యాస్ కుర్రాణ్ణి దులిపేస్తున్నాను. ఆ గొంతు మీ ఆఫీసరు చెవిలో పడింది. మనిషికి ఏ జబ్బూ లేదని డాక్టరు సంతకం అక్కర్లేకుండా తేలిపోయింది.

నువ్వు ముందే ఫోన్లో బావకి ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా. ఎత్తడం లేదట! నా ఫోన్ నేను ఎత్తలేదు, సరే. బావ ఫోన్ ఏమైంది? నీకు బుర్ర కూడా రిటైర్ అయిందా?

చివరికి ఉన్న ఒక్క అప్పని మంచాన పడేశావు, అదైనా పనికొచ్చిందా అంటే అదీ లేదు.

ఒక్కటి చెబుతాను, సంతోషిస్తావో ఏడుస్తావో నీ ఇష్టం. బిళ్ళ మింగింది. నీ దవడ పద్ధతి నాకు చేతకాలేదు. హిందీలో "లో బేటా, లో" అని నీలా ముద్దుగా పిలిచి చూశాను, మొహం తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండి, నేల మీద దాని ఎదురుగా కూలబడి, చెయ్యి చాపి, "మింగే సచ్చినదానా! నీకోసం ఊరంతా తిరగలేక సస్తన్నాను. ఆ యెదవ రాడు. నానే ఉన్నాను. మింగుతావా, సస్తావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. నా మొహం కేసి చూసి, నా అరచేతిలోంచి బిళ్ళ తీసుకుని మింగేసింది. అప్పటి నుంచీ పూటపూటా అంతే. తిడితే మింగుతుంది. మెల్లగా చెబితే మింగదు. దగ్గు తగ్గింది. పక్కకి ఒరిగి పడుకుంటోంది కూడా.

నూకరత్నం.


క్యాంపు,
10 ఆగస్టు 2025.

అప్పా,

లీవు రద్దు. అబద్ధం రాసినందుకు పైపెచ్చు నా గేటు డ్యూటీ రాత్రిళ్ళకి మార్చారు. బావకి నా నమస్కారాలు చెప్పు, గారెలు ఎలా ఉన్నాయో కూడా అడుగు.

నీ చివరి రెండు ఉత్తరాలూ ఒక్కసారే అందాయి. గోవింద్ గారు అన్నది రెండుసార్లు చదివాను. ఆ గోధుమరంగు కుక్క నాది కాదు. పక్క గుడారంలో పంజాబీ వాడిది. వాడు ఫొటో దిగుదామంటే దిగాను. నాకు కొత్త కుక్కని ఇస్తామన్నారు. వద్దన్నాను. వద్దన్నవాడికి ఆ కుక్కల విభాగంలో పనేముంది? అందుకే తుపాకీ పట్టుకుని వచ్చేపోయే బళ్ళు చూస్తున్నాను. ఇది నీకు చెప్పాలనుకోలేదు, నువ్వే చెప్పించావు.

ఇంజెక్షన్ మాట తేలిగ్గా రాయలేదు. మా క్యాంపులో ఒక కుక్క ఇదే జబ్బుతో గాలి కోసం కొట్టుకుంటూ పోవడం చూశాను. దాని మనిషి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంజెక్షన్ వద్దన్నాడు. చివరికి ఇంజెక్షన్ ఇవ్వమని డాక్టరు కాళ్ళు పట్టుకున్నాడు, అప్పటికి ఆలస్యమైపోయింది. అది చూశాక ఇంకేం రాయాలో నాకు తెలీలేదు. నువ్వు పొయ్యిలో పెట్టుకో.

తిడితే మింగుతోందా? నేను నేర్పిన కుక్కేనా అది? నా చేత్తో తప్ప ముట్టని కుక్క. సరే. మింగుతోంది కదా, మంచిదే.

అక్టోబర్లో నా వంతు లీవు వస్తుంది. ఏ అబద్ధమూ అక్కర్లేదు. అప్పటిదాకా దాన్ని ఉంచు.

గోవింద్.


నర్సీపట్నం,
5 నవంబర్ 2025.

తమ్ముడు గోవింద్‌కి,

నాలుగు రోజులుంటానని వచ్చి రెండు రోజులకే బస్సెక్కావు. "అర్జెంటు డ్యూటీ అప్పా" అన్నావు. గేటు దగ్గర నిలబడేవాడికి అర్జెంటు ఏంటిరా? మీ బావ నమ్మాడు. నేను నమ్మలేదు. వంట మొత్తం మిగిలిపోయింది. నీ మీద కోపంతో ఆ పూట నేనూ తినలేదు.

నువ్వు ఎందుకు వెళ్ళిపోయావో నాకు తెలుసు. నువ్వు వచ్చినప్పుడు అది లేచింది కదా. ఒళ్ళంతా ఊపుకుంటూ నీ చుట్టూ తిరిగి, ఆయాసం ఆపుకోలేక నీ బూట్ల మీద తల పెట్టేసింది కదా. నిన్ను మరిచిపోయిందని ఎవరనగలరు? కానీ మర్నాడు పొద్దున్న నువ్వు బిళ్ళ అరచేతిలో పెట్టుకుని "లో బేటా" అన్నావు. నోట్లోకి తీసుకుంది. తీసుకుని నీ పాదం దగ్గర పెట్టేసి, వంటింటి వైపు చూసింది. నువ్వు మళ్ళీ పెట్టావు. మళ్ళీ దించేసి నా వైపు చూసింది. నేను పిండి కలుపుతున్నట్టు నటించాను. చాలాసేపు నటించాను, నీ చేత్తో మింగితే బాగుండునని మొక్కుకున్నాను కూడా. ఇక తప్పక అక్కడి నుంచే "మింగే సచ్చినదానా" అన్నాను. మింగింది.

అప్పుడు నీ మొహం చూశాను. "నా కుక్కని లాక్కున్నావు కదప్పా" అని నువ్వు అనలేదు. అని ఉంటే బాగుండేది, నాలుగు తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చావు. అక్కడి నుంచి ఇద్దరం వాతావరణం గురించీ, చెరుకు గురించీ మాట్లాడుకున్నాం.

నేను లాక్కోలేదురా. నువ్వు ఇచ్చావు. ప్రాణం బాగున్నంతకాలం నీ దగ్గర పరుగెత్తింది, ప్రాణం మీదికొచ్చాక నా గుమ్మంలో కూర్చుంది. దాన్ని ఎత్తి మోసి, ఉచ్చలు తుడిచి, పూటపూటా పోట్లాడి బతికించుకుంటున్నాను. దానికి నా తిట్టు అలవాటైతే నీకు అలకా? దానికి ఇద్దరు మనుషులుంటే తప్పేంటి? ఇంత వయసొచ్చి కుక్క దగ్గర వంతులు పోతావా?

నువ్వు వెళ్ళాక డాక్టరమ్మకి చూపించాం. బిళ్ళలు పెంచింది. ఇక పెంచడానికి లేవంది. నీ ఉత్తరంలో రాసిన ఆ క్యాంపు కుక్క సంగతి ఆమెకి చెప్పాను. "అంతదాకా రానివ్వొద్దండీ, ముందే చెబుతాను" అంది. ఈసారి తలుపు వెయ్యలేదు. ఆమె చెప్పిన రోజున సరే అంటాను. పొయ్యిలో పెడతానన్నదాన్ని, నేనే సరే అంటాను. దాని తల నా ఒళ్ళో ఉంటుంది, అది నీకు లీవు దొరికేదాకా ఆగదు. ఈ కోపం మాత్రం నాకు పోదు. ప్రేమించడం నేర్పించి, చివరి పని నాకు వదిలేశావు.

అందుకని ఇప్పుడే చెబుతున్నాను. అది పోయిందని తెలిశాక, ఇక ఏం చూడ్డానికి రావాలి అనుకుంటావు. నాకు తెలుసు నీ సంగతి. పాతిపెట్టడానికి మీ బావ ఉన్నాడు, అలక మాని చిట్టిరాజు కూడా వస్తానన్నాడు. అయినా నువ్వు రావాలి. దాని కోసం కాదు. పొద్దున్నే బిళ్ళ వేళకి లేచి చెయ్యి చాపుతాను, తిట్లు నోటిదాకా వస్తాయి, ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ రోజు నా కోసం రారా.

అప్ప.